యూట్యూబ్ వస్తుంది, జీఎస్టీ పోర్టల్ రాదు: ఇంట్లో ఒక్క కంప్యూటర్‌కే వచ్చిన నెట్ సమస్య

ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. "నెట్ వస్తోంది కానీ కొన్ని సైట్లు రావడం లేదు" అనే ఫిర్యాదు మాకు తరచూ వచ్చేదే. సిస్టంలో తేదీ తప్పుగా ఉండటమో, ఎప్పటిదో ప్రాక్సీ సెట్టింగ్ (నెట్‌ను మధ్యలో ఇంకో సర్వర్ గుండా పంపేది) మిగిలిపోవడమో, డీఎన్‌ఎస్ (సైటు పేరుకు నెట్ చిరునామా చెప్పే సేవ) సరిగా లేకపోవడమో కారణమై, చాలావరకు కాసేపట్లోనే తేలిపోతుంది. ఈ కేసు అలా తేలలేదు. మామూలుగా చేసే పరీక్షలన్నీ అంతా బాగానే ఉందని చెప్పాయి, సైట్లు మాత్రం రాలేదు. ఆ పరీక్షలు నిజానికి దేన్ని నిరూపిస్తాయి, దేన్ని నిరూపించవు అన్నది ఇందులో చాలా స్పష్టంగా కనిపించింది. అందుకే వివరంగా రాస్తున్నాను. సిస్టం యజమాని అనుమతి తీసుకున్నాను. ఊరు, పేర్లు, ఇందులో వచ్చే యాంటీవైరస్ కంపెనీ పేరు వదిలేశాను.

నేపథ్యం

ఆవిడ ఇంటి నుంచే చిన్న వ్యాపారుల లెక్కలు చూస్తారు. ట్యాలీలో ఎంట్రీలు, నెలనెలా జీఎస్టీ రిటర్నులు. క్లయింట్లలో ఎక్కువ మంది సొంత దుకాణాల వాళ్లు, కొన్ని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు కూడా ఉన్నాయి. పని మొత్తం విండోస్ 10 ఉన్న ఒక డెస్క్‌టాప్ మీదే. కంపెనీల రిటర్నులకు డిజిటల్ సిగ్నేచర్ తప్పనిసరి కాబట్టి ఆ యూఎస్‌బీ టోకెన్‌కు కావాల్సిన డ్రైవర్లు, సంతకం కోసం పోర్టల్ అడిగే ఎమ్‌సైనర్ ప్రోగ్రాం అన్నీ ఆ ఒక్క సిస్టంలోనే సెట్ చేసి ఉన్నాయి.

నెట్ ఫైబర్ కనెక్షన్. రౌటర్ హాల్లో, డెస్క్‌టాప్ పక్క గదిలో, రెంటికీ మధ్య లాన్ కేబుల్. ఫోన్లు, టీవీ, కూతురి ల్యాప్‌టాప్ వైఫై మీద ఉంటాయి.

వచ్చిన సమస్య

ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. మర్నాటి నుంచి డెస్క్‌టాప్‌లో జీఎస్టీ పోర్టల్ తెరుచుకోవడం లేదు. బ్యాంకు సైట్ రాదు, ఆదాయపు పన్ను పోర్టల్ రాదు. ట్యాబ్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. కింద ఎడమ మూలలో "ఎస్టాబ్లిషింగ్ సెక్యూర్ కనెక్షన్" అని కనిపిస్తుంది. చాలాసేపటికి టైమ్ అయిపోయిందని చెప్పి ఆగిపోతుంది. గూగుల్ సెర్చ్ మాత్రం చకచకా వస్తుంది, జీమెయిల్ వస్తుంది, యూట్యూబ్ ఎక్కడా ఆగకుండా ఆడుతుంది. ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లో అన్ని సైట్లూ మామూలుగానే ఉన్నాయి.

"నెట్ బాగానే ఉందండీ, యూట్యూబ్ కూడా వస్తోంది. పోర్టలే డౌన్ అయిందేమో అనుకున్నాను. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో చూస్తే అక్కడ వస్తోంది" అని ఫోన్‌లో చెప్పారు. నెలనెలా వేసే జీఎస్టీ 3బీ రిటర్నుల గడువు 20వ తేదీ, అది దగ్గర పడింది. ఆవిడ గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

నేను వెళ్లేసరికే చాలామంది చాలా చేసి చూశారు. కరెంటు పోయిన తర్వాతే మొదలైంది కాబట్టి రౌటర్ దెబ్బతిందనుకుని దాని అడాప్టర్ మార్చారు. నెట్ వాళ్ల కుర్రాడు వచ్చి డీఎన్‌ఎస్‌ను మాన్యువల్‌గా 8.8.8.8, 1.1.1.1 అని పెట్టి వెళ్లాడు. క్రోమ్ తీసేసి మళ్లీ వేశారు. తెలిసినవాళ్లెవరో చెబితే ఒక ఉచిత వీపీఎన్ (నెట్ ట్రాఫిక్‌నంతా వేరే సర్వర్ గుండా పంపే ప్రోగ్రాం) కూడా ఇన్‌స్టాల్ చేశారు. దానితోనూ రాలేదు. చివరికి ఒక షాపులో "ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుంది" అన్నారు. అక్కడ ఆవిడ భయపడి ఆగిపోయారు.

ఆ భయం న్యాయమైనదే. ఫార్మాట్ కొడితే ఈ సమస్య పోయేదేమో కూడా. కానీ ట్యాలీ డేటా, లైసెన్సు, టోకెన్ డ్రైవర్లు, ఎమ్‌సైనర్, ప్రింటర్ అన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి, అదీ గడువు ముందు. పైగా కారణం తెలియదు కాబట్టి మళ్లీ రాదన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. డేటాకు సంబంధం లేని ఫిర్యాదుకు డేటాను పణంగా పెట్టే పరిష్కారాన్ని చిట్టచివరన మాత్రమే ముట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు గడువు సంగతి

సిస్టం ముట్టుకునే ముందు ఒక విషయం మాట్లాడుకున్నాం. రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, లావాదేవీలు లేని నిల్ రిటర్నైతే 20. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఇది ఆవిడ సొంత డబ్బుతో పోయేది కాదు, క్లయింట్ల దగ్గర పోయే మాట. ఆ ఒత్తిడిలో ఎవరైనా "ఏదో ఒకటి చేసేయండి" అంటారు, మెకానిక్ కూడా తొందరపడతాడు.

సొంత వ్యాపారులకు డిజిటల్ సిగ్నేచర్ అవసరం లేదు, ఓటీపీతో ఈవీసీ పద్ధతిలో ఫైల్ చేయొచ్చు. ఓటీపీ క్లయింట్ ఫోన్‌కే వస్తుంది. అంటే వాళ్ల రిటర్నులు కూతురి ల్యాప్‌టాప్ నుంచే వేసుకోవచ్చు. టోకెన్ కావాల్సింది కంపెనీలకే. ఆవిడకు ఇది తెలియక కాదు, టెన్షన్‌లో అలా ఆలోచించలేదు. ఆ పని పక్క గదిలో మొదలయ్యాక నాకు డెస్క్‌టాప్‌తో నిదానంగా కూర్చునే వీలు దొరికింది.

మొదటి పరీక్షలు

తేదీ, సమయం సరిగానే ఉన్నాయి. ఇది ఎప్పుడూ ముందే చూస్తాను, ఎందుకంటే కరెంటు పోయి వచ్చాక పాత మదర్‌బోర్డు బ్యాటరీ చచ్చిపోయి ఉంటే గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది, అప్పుడు సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు. కానీ అలా అయితే బ్రౌజర్ హెచ్చరిక పేజీ చూపిస్తుంది, ఇలా చక్రం తిరుగుతూ ఉండిపోదు. ప్రాక్సీ ఖాళీగా ఉంది. సైట్ల చిరునామాలు చేత్తో రాసిపెట్టుకునే హోస్ట్స్ ఫైల్‌లో అదనంగా ఏమీ లేదు. ఉచిత వీపీఎన్ తన నెట్‌వర్క్ అడాప్టర్‌తో సహా ఇంకా అక్కడే ఉంది. క్లయింట్ల పాస్‌వర్డ్‌లు వాడే సిస్టంలో అది ఒక్క పూట కూడా ఉండకూడదు. వెంటనే తీసేశాను. సమస్యలో మార్పు లేదు.

పోర్టల్ పేరును డీఎన్‌ఎస్‌లో అడిగితే చిరునామా వచ్చింది, అదే చిరునామా నా ఫోన్‌లోనూ వచ్చింది. కాబట్టి డీఎన్‌ఎస్ మార్చడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. పింగ్ (అవతలి సిస్టం జవాబిస్తుందో లేదో చూసే చిన్న పరీక్ష) కొడితే జవాబులు ఒక్కటి కూడా పోకుండా వచ్చాయి. ఎడ్జ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ అదే పరిస్థితి. డెస్క్‌టాప్ వాట్సాప్ కూడా అప్పటి నుంచి కనెక్ట్ కావడం లేదని ఆవిడ అడిగితే చెప్పారు. ఆ ఒక్క మాటతో బ్రౌజర్ల మీద అనుమానం పూర్తిగా పోయింది.

ఇక్కడే చాలామంది చిక్కుకుపోతారు. పేరు తెలుస్తోంది, పింగ్ వెళ్తోంది, యూట్యూబ్ వీడియో ఆడుతోంది, అంటే నెట్ ఉన్నట్టే కదా అనిపిస్తుంది. "నెట్ ఉందా లేదా" అన్న ప్రశ్నను పక్కన పెట్టి, "ఏ రకం ట్రాఫిక్ వెళ్తోంది, ఏ రకం వెళ్లడం లేదు" అని అడిగితే బొమ్మ మారిపోతుంది. నెట్‌లో డేటా వెళ్లే పద్ధతులు, అంటే ప్రోటోకాల్‌లు, వేర్వేరుగా ఉంటాయి. పింగ్ నడిచేది ఐసీఎంపీ మీద. డీఎన్‌ఎస్ ప్రశ్న సాధారణంగా వెళ్లేది యూడీపీ మీద. మరి యూట్యూబ్?

గూగుల్ తన సైట్లకు క్విక్ అనే ప్రోటోకాల్ వాడుతుంది. అది గూగుల్‌లోనే పుట్టి 2021 మేలో ఇంటర్నెట్ ప్రమాణంగా స్థిరపడింది. దాని మీద నడిచే హెచ్‌టీటీపీ 3 ప్రమాణం 2022లో వచ్చింది. క్విక్ నడిచేది మామూలు సైట్లు వాడే టీసీపీ మీద కాదు, యూడీపీ మీద. అంటే ఆ సిస్టంలో "పనిచేస్తున్నాయి" అని మేం అనుకుంటున్న వాటిలో టీసీపీ మీద ఆధారపడింది ఒక్కటీ లేదు. ఆగిపోయినవన్నీ టీసీపీవే అయి ఉండాలి.

ఊహగా వదిలేయకుండా దీన్ని పరీక్షించొచ్చు. క్రోమ్ ఫ్లాగ్స్ పేజీలో క్విక్ ప్రోటోకాల్‌ను డిసేబుల్ చేసి బ్రౌజర్ మళ్లీ తెరిచాను. యూట్యూబ్ రాలేదు. గూగుల్ హోమ్ పేజీ కూడా రాలేదు. అదే చక్రం, అదే "ఎస్టాబ్లిషింగ్ సెక్యూర్ కనెక్షన్". ఫ్లాగ్ మళ్లీ డిఫాల్ట్‌కు తెస్తే రెండూ వచ్చాయి.

పక్కనే నిలబడి చూస్తున్న ఆవిడ "ఇప్పుడు యూట్యూబ్ కూడా పోయిందేంటండీ!" అని కంగారుపడ్డారు. నాకైతే అది ఆ రోజు దొరికిన మొదటి మంచి వార్త. కొన్ని సైట్లకే వచ్చిన వింత సమస్య కాస్తా, సైట్లతో సంబంధం లేని ఒకే సమస్యగా మారింది: ఈ సిస్టంలో టీసీపీ మీద వెబ్ నడవడం లేదు.

ఎంటీయూ అనుమానం

టీసీపీ కనెక్షన్ మొదలై, సెక్యూర్ కనెక్షన్ దగ్గర ఆగిపోతుంటే నెట్‌వర్క్ పని తెలిసినవాళ్లకు మొదట గుర్తొచ్చేది ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ (డేటా ముక్క) ఉండగల గరిష్ఠ సైజు. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల వరకు ఉండొచ్చు. మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లు పీపీపీఓఈ అనే లాగిన్ పద్ధతి వాడతాయి, దానికి 8 బైట్లు పోతాయి, మిగిలేది 1492. పెద్ద ప్యాకెట్లు దారిలో ఎక్కడో నిశ్శబ్దంగా పడిపోతుంటే, చిన్న ప్యాకెట్లతో జరిగే మొదటి పలకరింపు పూర్తవుతుంది, సర్వర్ తన సర్టిఫికెట్ పంపే దగ్గర అంతా ఆగిపోతుంది. క్విక్ ప్యాకెట్లను అందుకే మొదటి నుంచీ కాస్త చిన్నవిగా ఉంచుతారు, అవి దాటిపోతాయి. ఇప్పటివరకు చూసిన లక్షణాలన్నీ దీనికి సరిపోయాయి. ఫోన్లు బాగానే ఉన్నాయి కాబట్టి రౌటర్ తన పని తాను చేస్తోంది, కానీ డెస్క్‌టాప్ లాన్ కార్డు సెట్టింగులు ఇంతమంది చేతుల్లో ఎవరైనా కదిపి ఉండొచ్చు.

ముక్కలు చేయొద్దని చెప్పి 1464 బైట్ల పింగ్ పంపాను. ఐపీ, ఐసీఎంపీ హెడర్లు 28 కలిపితే సరిగ్గా 1492. వెళ్లింది, జవాబూ వచ్చింది. ఇంకొంచెం పెంచితే ముక్కలు చేయాలన్న సందేశం సరిగ్గా వచ్చింది, అంటే దారి మూగగా లేదు. లాన్ కార్డు ఎంటీయూ 1500 దగ్గరే ఉంది, అంతకంటే పెద్ద ప్యాకెట్లను అనుమతించే జంబో ఫ్రేములు ఆఫ్‌లో ఉన్నాయి. అయినా ఎంటీయూను 1400కి తగ్గించి చూశాను. మార్పు లేదు. తిరిగి 1500కి పెట్టేశాను. అక్కరకు రాని మార్పును వెంటనే వెనక్కి తీసుకోవడం నాకు నియమం. లేకపోతే గంట తర్వాత సిస్టంలో అసలు సమస్య ఏదో, నేను పెట్టింది ఏదో నాకే తెలియకుండా పోతుంది.

తర్వాత ఫోన్‌ను యూఎస్‌బీతో కలిపి, లాన్ కేబుల్ పీకేసి, మొబైల్ డేటా మీద ప్రయత్నించాను. యూట్యూబ్ వచ్చింది, పోర్టల్ రాలేదు. నెట్ కంపెనీ వేరు, రౌటర్ లేదు, కేబుల్ లేదు, లాన్ కార్డు కూడా లేదు. లక్షణం మాత్రం అణువంత కూడా మారలేదు. దీనితో కరెంటు దెబ్బకు ఏదో కాలిపోయిందన్న కథ ముగిసింది. తప్పు విండోస్ లోపలే ఉంది.

రీసెట్‌లతో కుదరలేదు

విండోస్ లోపలే అని తేలాక అందరం చేసేది రీసెట్లు. విండోస్ నెట్ సెట్టింగులను మొదటి స్థితికి తెచ్చే విన్‌సాక్ రీసెట్, టీసీపీఐపీ రీసెట్ చేసి రీస్టార్ట్ చేశాను. ఫలితం లేదు. ఉన్న సెట్టింగులు కాగితం మీద రాసుకుని, విండోస్ 10 సెట్టింగ్స్‌లో ఉండే నెట్‌వర్క్ రీసెట్ కూడా చేశాను. అది నెట్‌వర్క్ అడాప్టర్లన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంది. దానికీ లొంగలేదు. నెట్ వాళ్లు పెట్టిన మాన్యువల్ డీఎన్‌ఎస్ పోయి ఆటోమేటిక్‌కు రావడం ఒక్కటే దక్కిన లాభం.

ఈ వైఫల్యం కూడా ఒక సమాచారమే. ఈ రీసెట్లు అడాప్టర్లను, ఐపీ సెట్టింగులను, విన్‌సాక్ జాబితాను శుభ్రం చేస్తాయి. వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ కెర్నెల్‌లో (విండోస్ లోపలి మూల భాగంలో) పెట్టుకున్న డ్రైవర్ల జోలికి వెళ్లవు. విండోస్ విస్టా కాలం నుంచి ఫైర్‌వాల్‌లు, యాంటీవైరస్‌లు నెట్ ట్రాఫిక్‌ను పరిశీలించడానికి విండోస్ ఫిల్టరింగ్ ప్లాట్‌ఫామ్ అనే ఏర్పాటు ఉంది. అక్కడ ఒక డ్రైవర్ కూర్చుంటే ప్రతి కనెక్షన్‌లో వెళ్లే డేటాను ఆపి, చూసి, వదలగలదు. రీసెట్లకు లొంగని సమస్య అంటే ఆ వైపు చూడాల్సిందే.

చూడటానికి ముందు ఒక రుజువు కావాలి. ప్యాకెట్లను రికార్డ్ చేసి చూపే వైర్‌షార్క్ వేస్తే తేలుతుంది కానీ అది తన సొంత డ్రైవర్‌ను దించుతుంది. డ్రైవర్ల మీదే అనుమానం ఉన్న సిస్టంలోకి ఇంకో డ్రైవర్‌ను తేవడం నాకు ఇష్టం లేదు. విండోస్ 10లోనే ప్యాకెట్ మానిటర్ అనే పరికరం ఉంది, చాలామంది దాన్ని వాడరు. దానితో పోర్టల్ తెరిచే ప్రయత్నాన్ని రికార్డ్ చేసి, ఆ ఫైల్‌ను నా ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని చూశాను.

టీసీపీ కనెక్షన్ కలిపే మొదటి మూడు ప్యాకెట్లు శుభ్రంగా జరిగాయి. ఆ తర్వాత సెక్యూర్ కనెక్షన్ కోసం బ్రౌజర్ పంపాల్సిన మొదటి సందేశం (దాన్ని క్లయింట్ హలో అంటారు) అసలు బయటికే వెళ్లలేదు. సర్వర్ ఎదురుచూసి ఎదురుచూసి కనెక్షన్ మూసేసింది. ఎంటీయూ సమస్యైతే మన హలో వెళ్తుంది, సర్వర్ జవాబు రాదు. ఇక్కడ మన మాటే గడప దాటలేదు. బ్రౌజర్ పంపింది, నెట్‌వర్క్ కార్డుకు చేరలేదు. మధ్యలో ఎవరో పట్టుకున్నారు.

సేఫ్ మోడ్, క్లీన్ బూట్

ఇక ఆ "ఎవరో" ఎవరన్నది తేలాలి. ముందు ట్యాలీ డేటా ఫోల్డర్‌ను, ఆవిడ డాక్యుమెంట్లను బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాను, రీస్టోర్ పాయింట్ పెట్టాను. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు కాబట్టి అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఆవిడతో ఒకసారి టైప్ చేయించి చూసుకున్నాను. ఇది చూసుకోకుండా సేఫ్ మోడ్‌లోకి వెళ్తే సిస్టం తలుపు దగ్గరే ఆగిపోతాం.

సేఫ్ మోడ్ విత్ నెట్‌వర్కింగ్‌లో జీఎస్టీ పోర్టల్ వెంటనే వచ్చింది. బ్యాంకు సైట్ వచ్చింది. ఆవిడ "అయిపోయిందా అండీ?" అని అడిగారు. ఇంకా లేదు. సేఫ్ మోడ్‌లో బయటి సాఫ్ట్‌వేర్లు దాదాపు ఏవీ లోడ్ కావు కాబట్టి, దోషి వాటిలో ఒకటని మాత్రమే దీనివల్ల తెలుస్తుంది.

మామూలుగా బూట్ చేసి, సిస్టం కాన్ఫిగరేషన్‌లో మైక్రోసాఫ్ట్‌వి కాని సర్వీసులన్నీ ఆపేశాను, స్టార్టప్ ప్రోగ్రాంలూ ఆపేశాను. దీన్నే క్లీన్ బూట్ అంటారు. సమస్య తిరిగి వచ్చింది. సేఫ్ మోడ్‌లో బాగుండి క్లీన్ బూట్‌లో బాగులేదంటే చాలామంది గందరగోళపడి ఫార్మాట్ వైపు వెళ్తారు. కానీ ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెడితే చాలా విలువైన విషయం తెలుస్తుంది. క్లీన్ బూట్ ఆపేది సర్వీసులను, డ్రైవర్లను కాదు. కాబట్టి దోషి సర్వీసు కాదు, డ్రైవర్.

దొరికిన డ్రైవర్

విండోస్‌లో సిస్టం ఇన్ఫర్మేషన్ తెరిస్తే సాఫ్ట్‌వేర్ విభాగంలో సిస్టం డ్రైవర్ల జాబితా ఉంటుంది. పేరు, ఫైల్ ఎక్కడుంది, ఇప్పుడు నడుస్తోందా అన్నీ ఉంటాయి. మైక్రోసాఫ్ట్‌వి, హార్డ్‌వేర్ కంపెనీలవి పక్కన పెడుతూ వస్తే ఒక యాంటీవైరస్ కంపెనీ సంతకం ఉన్న రెండు డ్రైవర్లు మిగిలాయి. రెండూ నడుస్తున్నాయి. ప్రోగ్రాంల జాబితాలో ఆ యాంటీవైరస్ లేదు. ఫిల్టరింగ్ ప్లాట్‌ఫామ్ ఫిల్టర్లను ఫైల్‌లోకి తీసి వెతికితే అందులోనూ ఆ కంపెనీ పేరు కనిపించింది. సైట్ల సర్టిఫికెట్లు అసలువో కాదో తేల్చడానికి విండోస్ ఆధారపడే, నమ్మదగిన రూట్ సర్టిఫికెట్ల జాబితాలో దాని సొంత సర్టిఫికెట్ ఒకటి ఉంది. అంటే ఆ యాంటీవైరస్ సెక్యూర్ సైట్ల ట్రాఫిక్‌ను కూడా మధ్యలో విప్పి చూసేదన్నమాట.

"మీ సిస్టంలో ఇంతకుముందు ఈ యాంటీవైరస్ ఉండేదా?" అని అడిగాను.

"ఉండేదండీ. లైసెన్సు అయిపోయింది, రోజూ రెన్యూ చేయమని అడుగుతుంటే విసుగొచ్చి తీసేశాను."

"ఎప్పుడు తీసేశారు?"

ఆవిడ కాసేపు ఆలోచించి, "అదేనండీ, కరెంటు పోయిన రోజు సాయంత్రం. తీసేస్తుంటేనే పోయింది. మళ్లీ వచ్చాక చూస్తే అది లేదు, పోనీలే అయిపోయింది కదా అనుకున్నాను" అన్నారు.

కరెంటుకూ సమస్యకూ సంబంధం ఉందని మొదటి నుంచీ అందరూ అనుకున్నది నిజమే. కానీ దెబ్బ తగిలింది రౌటర్‌కు కాదు. అన్‌ఇన్‌స్టాల్ సగంలో ఉండగా సిస్టం ఆగిపోయింది. యాంటీవైరస్ కార్యక్రమం, సర్వీసు పోయాయి, డ్రైవర్లు మిగిలాయి. విండోస్ రిలయబిలిటీ హిస్టరీలో ఆ రోజు చూస్తే సిస్టం సరిగా షట్‌డౌన్ కాలేదన్న ఎర్ర గుర్తు ఉంది.

ఏం జరిగిందో ఆవిడకు ఇలా చెప్పాను. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ప్రతి సంచీనీ పట్టుకుని, లోపల ఆఫీసులో సెక్రటరీ సరే అన్నాకే వదులుతున్నాడు. సెక్రటరీ ఖాళీ చేసి వెళ్లిపోయాడు, వాచ్‌మన్‌కు ఎవరూ చెప్పలేదు. సంచులన్నీ గేటు దగ్గరే పడి ఉన్నాయి. క్విక్ ట్రాఫిక్ పక్క గేటు నుంచి వెళ్తుంది, ఈ వాచ్‌మన్ కాపలా అక్కడ లేదు.

డ్రైవర్ దొరికింది కదా అని రెండింటినీ ఒకేసారి పీకేయలేదు. ఒకటి ఫైళ్లను స్కాన్ చేసేది, ఇంకొకటి నెట్‌వర్క్‌ది. ఫైళ్ల డ్రైవర్‌ను చేత్తో తీసేస్తే సిస్టం బూట్ కాకుండా పోయే ప్రమాదం ఉంటుంది, పైగా మన లక్షణానికి దానితో పని లేదు. నెట్‌వర్క్ డ్రైవర్ స్టార్టప్‌ను మాత్రం డిసేబుల్ చేసి రీస్టార్ట్ చేశాను. అన్ని సైట్లూ వచ్చాయి. అంతటితో ఆగకుండా దాన్ని మళ్లీ ఎనేబుల్ చేసి రీస్టార్ట్ చేశాను. సైట్లు మళ్లీ ఆగిపోయాయి. ఇలా రెండువైపులా చూస్తేనే కారణం దొరికినట్టు. ఒకవైపే చూస్తే, రీస్టార్ట్ వల్ల బాగైందేమోనన్న అనుమానం మిగిలిపోతుంది.

తీసేయడం

చాలా యాంటీవైరస్ కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్ పూర్తిగా తీసేయడానికి వేరే రిమూవల్ టూల్ ఇస్తాయి. ఆ కంపెనీ సొంత సైట్ నుంచే దాన్ని దించుకుని, సేఫ్ మోడ్‌లో నడిపాను. రిజిస్ట్రీలో ఎంట్రీలు చేత్తో చెరపడం కంటే ఇది మేలు. ఏయే డ్రైవర్‌ను ఏ వరుసలో తీయాలో తయారుచేసినవాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. ఈసారి సిస్టంను ఇన్వర్టర్ లైన్ మీదికి మార్చాకే టూల్ మొదలుపెట్టాను.

రీస్టార్ట్ తర్వాత రెండు డ్రైవర్లూ జాబితాలో లేవు, ఫిల్టర్లలో పేరు లేదు. రూట్ సర్టిఫికెట్ మిగిలి ఉంటే దాన్ని తీసేశాను. క్లీన్ బూట్ కోసం ఆపిన సర్వీసులు తిరిగి ఆన్ చేశాను. క్విక్ డిసేబుల్ చేసి యూట్యూబ్ తెరిచాను, వచ్చింది. పోర్టల్‌లో ఆవిడే లాగిన్ అయి, టోకెన్ పెట్టి, ఒక కంపెనీ రిటర్ను ఫైల్ చేశారు. పని అయిందని నేను లెక్కపెట్టుకున్నది అక్కడే. పేజీ తెరుచుకోవడం వేరు, సంతకంతో సహా రిటర్ను వెళ్లడం వేరు.

ఇంకొకటి బయటపడింది. విండోస్ సెక్యూరిటీలో అప్పటివరకు పాత యాంటీవైరస్ పేరే కనిపిస్తూ, విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్ ఆఫ్‌లో ఉంది. అంటే అన్నాళ్లూ ఆ సిస్టంకు ఏ రక్షణా లేదు, విండోస్ అప్‌డేట్లు కూడా రావడం లేదు. ఆ పరిస్థితిలోనే దాని మీద ఊరూపేరూ లేని ఉచిత వీపీఎన్ నడిచింది. డిఫెండర్ ఆన్ చేసి పూర్తి స్కాన్, ఆఫ్‌లైన్ స్కాన్ రెండూ చేయించాను. ఏమీ దొరకలేదు. అయినా బ్యాంకు, మెయిల్, క్లయింట్ల జీఎస్టీ పాస్‌వర్డ్‌లు మార్చమని చెప్పాను. ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ నుంచి మార్చడం మొదలుపెట్టారు.

ఈ కేసు తర్వాత నా పద్ధతి

ఇప్పుడు ఇలాంటి ఫిర్యాదు వస్తే ఫోన్‌లోనే రెండు జాబితాలు చెప్పమంటాను: వచ్చే సైట్లు, రాని సైట్లు. వచ్చేవన్నీ గూగుల్‌వే అయితే మిగతా పరీక్షల కంటే ముందు క్విక్ ఆపి చూస్తాను. పింగ్, డీఎన్‌ఎస్ ఇంకా చూస్తాను, కానీ అవి పాసైతే నెట్ బాగుందని కస్టమర్‌కు చెప్పడం మానేశాను. అవి టీసీపీ గురించి ఏమీ చెప్పవు.

"కొత్తగా ఏమైనా ఇన్‌స్టాల్ చేశారా?" అని మనం అందరం అడుగుతాం. ఈ కేసులో ఆ ప్రశ్నకు నిజాయితీగా వచ్చే జవాబు "లేదు" అనే. అందుకే "ఈమధ్య ఏమైనా తీసేశారా, తీసేస్తుంటే మధ్యలో ఆగిందా?" అని కూడా కలిపి అడుగుతున్నాను. కస్టమర్ దృష్టిలో తీసేసిన వస్తువు ఇంట్లో లేనట్టే, దాని గురించి తనంతట తాను చెప్పరు. యాంటీవైరస్ మార్చేవాళ్లకు మాత్రం ఒక మాట: ఫైర్‌వాల్, యాంటీవైరస్, వీపీఎన్ ఈ మూడింటినీ తీసేసేటప్పుడు డెస్క్‌టాప్ యూపీఎస్ మీద ఉండాలి, చివర్లో అడిగే రీస్టార్ట్ వెంటనే చేయాలి. అవి కెర్నెల్ దాకా వెళ్లే సాఫ్ట్‌వేర్లు.

క్విక్ ఆపినా యూట్యూబ్ వస్తుంటే ఈ దారి మీది కాదు. అప్పుడు టీసీపీ బాగానే ఉన్నట్టు, రాని సైట్లకే ప్రత్యేకమైన కారణం వెతకాలి. హెచ్చరిక పేజీ వస్తుంటే తేదీ, రూట్ సర్టిఫికెట్లు చూడండి. 2021 సెప్టెంబర్ 30న ఒక పాత రూట్ సర్టిఫికెట్ గడువు ముగిసి, అప్‌డేట్ లేని ఎన్నో పాత సిస్టంలలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లు వాడే సైట్లు ఇలాగే ఆగిపోయాయి. పేరు దొరకడం లేదని వస్తుంటే డీఎన్‌ఎస్, హోస్ట్స్ ఫైల్. మొబైల్ డేటా మీద పెట్టగానే అన్నీ వచ్చేస్తుంటే సిస్టం వదిలేసి రౌటర్, ఎంటీయూ వైపు వెళ్లండి. మొబైల్ డేటాలోనూ రాకుండా, సేఫ్ మోడ్‌లో వస్తుంటే మాత్రం ప్యాకెట్ మానిటర్‌తో క్లయింట్ హలో బయటికి వెళ్తోందో లేదో ముందు చూసి, ఆ తర్వాత డ్రైవర్ల జాబితా తెరవండి.